నక్షత్రం లేని రిపోర్టు

ఆగస్టు 12

మళ్లీ రాయడం మొదలుపెడుతున్నాను. ఎనిమిదేళ్ల కిందట ఎడమ కన్ను పోయినప్పుడు సమ్సున్ పట్నం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నెవిన్ గారు, ఏ రోజు ఎలా ఉందో రాసిపెట్టుకోమన్నారు. కొన్నాళ్లు రాశాను. కన్ను పోయేది పోయింది, ఇంకేం రాస్తాం అని మానేశాను. ఇప్పుడు రాయడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. మధ్యాహ్నం నా మంగలి షాపులో బేరాలు లేవు, అంతే.

రక్తం రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. సీఆర్పీ రెండు, ఈఎస్ఆర్ తొమ్మిది. లెక్క దాటితే అంకె పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. నా రిపోర్టులో ఒక్కటీ లేదు. నేను ఒకసారి చూసుకుని, బుర్హాన్ మాస్టారి చేతికిచ్చాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, రోజు విడిచి రోజు గడ్డం గీయించుకోవడానికి వస్తాడు. ఈ వీధిలో ఎవరికి ఏ పరీక్ష జరిగినా ముందు ఆయన చూడాల్సిందే. డాక్టరు వంతు ఆ తర్వాతే.

"నిక్షేపంగా ఉందిరా నీ రక్తం. నా కొలెస్ట్రాల్ పక్కన రెండు నక్షత్రాలు. నువ్వు రోగివట, నేను ఆరోగ్యవంతుణ్ణట" అన్నాడు.

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఎడమ కన్ను పోగొట్టిన బెహ్చెట్ జబ్బంటే రక్తనాళాల్లో మంట అని చెప్పారు మాకు. మంట ఉంటే ఈ అంకెలు పెరగాలి కదా. పెరగలేదు. ఎనిమిది వారాలకోసారి సమ్సున్ వెళ్లి, సగం రోజు పడుకుని మందు ఎక్కించుకోవాలి. ఈసారిది ఎల్లుండి. ఇది పెళ్లిళ్ల సీజను. షాపు మూసుకుని వెళ్తే పక్క వీధి వాడి షాపు నిండుతుంది. సెప్టెంబరు ఆఖర్లో మా బావమరిది పెళ్లి ఉంది, అది కానిచ్చి వెళ్తాను. నా భార్య గుల్సెరెన్‌కి చెబితే ఏమీ అనలేదు. తను ఏమీ అనకపోవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ఆగస్టు 19

నోట్లో ఒక పుండు. నిన్న అక్రోటు తిన్నాను, దానివల్లే. మా నిక్సార్‌లో పుట్టి అక్రోటు తినకూడదంటే ఎలా. ఒక్కటే తిన్నాను. రెండు.

ఆగస్టు 23

షాపులో పెద్ద అద్దం మసకబారింది. తుడిచాను.

ఆగస్టు 24

మళ్లీ తుడిచాను. ఈ ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ.

ఆగస్టు 30

షాపులో కుర్చీ పైన వేలాడే బల్బు మార్చాను. పాతది తీసి ఇంటికి తెస్తే గుల్సెరెన్ వంటింట్లో పెట్టి చూసింది. బ్రహ్మాండంగా వెలుగుతోంది. ఇదెందుకు తీశావంది. షాపుకి చాలడం లేదన్నాను.

రాత్రి అన్నాల దగ్గర నేను చెయ్యి ఆడిస్తుంటే ఏం తోలుతున్నావని అడిగింది. ఈగ అన్నాను. ఏ ఈగ అంది. నేను తలుపు వైపు చూసి, పోయింది అన్నాను. తను కాసేపు నన్నే చూసి, పెరుగు గిన్నె ఇటు జరిపింది.

నల్ల చుక్కలు, అంతే. అందరికీ ఉంటాయి. నలభై దాటాక వస్తాయని మాస్టారు కూడా అన్నాడు.

సెప్టెంబరు 4

కోరాయ్ వచ్చాడు. గుల్సెరెన్ తమ్ముడు, మునిసిపాలిటీలో నీళ్ల విభాగంలో పని. వాడికి మూతి మీద నూనూగు మీసం వచ్చినప్పుడు మొదటిసారి కత్తి పెట్టింది నేను. అప్పుడు భయంతో కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు పెళ్లికొడుకు. పెళ్లి ఇరవై ఎనిమిదిన. పెళ్లికొడుకు గడ్డం ఇంకెవరు గీస్తారు, నేనే.

"బావా, ముందే చెబుతున్నా. పోయినేడు హాలిత్ పెళ్లి గడ్డానికి నాలుగుసార్లు కత్తి ఆపావట. నాకు రెండే. నా స్నేహితులందరూ పేదలు" అన్నాడు.

"నీ స్నేహితులు పేదలు కారురా, పిసినారులు. మూడు" అన్నాను.

సగం గడ్డంలో కత్తి ఎత్తేసి, తెగడం లేదబ్బా అని మంగలి చేతులు కట్టుకోవడం, స్నేహితులు పెళ్లికొడుకు ఒళ్లో గుడ్డ మీద నోట్లు వేశాక కత్తికి పదును రావడం మా తాతల నాటి నుంచి వస్తోంది. నాకు చాలా ఇష్టమైన పని. ఆ రోజు షాపు నిండా జనం, గుమ్మంలో డోలు, సన్నాయి. నిజం చెప్పాలంటే మిగిలిన ఏడాదంతా నేను గీసే గడ్డాలకు ఆ గౌరవం ఉండదు.

వాడు వెళ్తూ వెళ్తూ, నీ కన్నెలా ఉంది బావా అన్నాడు. గుల్సెరెన్ చెప్పి పంపించిందని తెలిసిపోయింది. రిపోర్టు చూపించాను.

సెప్టెంబరు 9

చెవి వెంట్రుకలు కాల్చడం మానేశాను. దూది మంట చెవి దగ్గర తిప్పడం పాతకాలం పద్ధతి. ఈ కాలం కుర్రాళ్లకు నచ్చదు.

ఇవాళ ఒక పెద్దమనిషికి మెడ దగ్గర తెగింది. అక్కడ మొటిమ ఉంది. పటిక రాసి, కొలోన్య సెంటు చల్లి పంపించాను. మొటిమ ఉందనే అనుకుంటున్నాను.

సెప్టెంబరు 12

ఎవరూ చెప్పకుండానే వెళ్లి, ఇక్కడి ఆసుపత్రిలో మళ్లీ రక్తం ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి ఫోన్లోకి వచ్చింది. సీఆర్పీ ఒకటి పాయింట్ ఎనిమిది. తగ్గింది కూడా.

గుల్సెరెన్ మిరపకాయలు దండ గుచ్చుతోంది. ఫోను తీసుకెళ్లి ముఖం ముందు పెట్టాను.

"కన్నెలా ఉంది?" అంది.

"చూడు, ఒక్క నక్షత్రం లేదు."

"రిపోర్టు అడగలేదు నెజాతీ. కన్ను అడిగాను."

నాకు కోపం వచ్చింది. రక్తం కంటే కన్ను గొప్పదా, రక్తం ఒళ్లంతా తిరుగుతుంది, కంట్లోకీ అదే వెళ్తుంది, అక్కడ మంట ఉంటే దానికి తెలియదా, అని చాలాసేపు మాట్లాడాను. బాగానే మాట్లాడాననిపించింది. తను దండ ముడి వేసి మేకుకి తగిలించి, సూప్ చల్లారిపోతోందంది.

సెప్టెంబరు 17

సమ్సున్ నుంచి నర్సు ఫోను చేసింది. మందుకి రాలేదేమని అడిగింది. పెళ్లి అయ్యాక వస్తానన్నాను. కంటికి ఏమైనా తేడాగా ఉందా అని అడిగింది. రక్తం శుభ్రంగా ఉందన్నాను. ఆ అమ్మాయి అడిగింది అది కాదు. ఇద్దరం మర్యాదగా ఫోను పెట్టేశాం.

నెవిన్ గారు ఎనిమిదేళ్ల కిందట ఈ అంకెల గురించి ఏదో అన్నారు. కంటి విషయంలో వీటిని ఎంతవరకు నమ్మాలో. ఏమన్నారో గుర్తులేదు.

సెప్టెంబరు 18

గుర్తుంది.

సెప్టెంబరు 25

అద్దం తుడిచాను.

సెప్టెంబరు 29

నిన్న జరిగింది రాయాలి. రాయకపోతే కొన్నాళ్లకు ఇంకోలా జరిగిందని నాకు నేనే చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్న పదింటికి డోలు వచ్చింది. కోరాయ్‌ని భుజాల మీద ఎత్తుకుని తెచ్చారు. షాపులో నిలబడటానికి చోటు లేదు. టీ పళ్లెం తలల మీదుగా తిరుగుతోంది. కుర్చీని కిటికీ వైపు తిప్పించాను, వెలుగు కోసం. ఫొటోలు బాగా వస్తాయని చెప్పాను.

కుడి చెంప బాగానే అయింది. ఎడం చేత్తో చర్మం లాగి పట్టుకుంటే వేళ్లకే తెలిసిపోతుంది, ఎక్కడ వెంట్రుక ఎటు తిరిగిందో. ఇరవై ఐదేళ్లుగా చేస్తున్న పని. ఒకసారి కత్తి ఎత్తి, తెగడం లేదబ్బా అన్నాను. నోట్లు పడ్డాయి, డోలు మోగింది. అంతవరకూ వేడుకే.

తర్వాత వాడి తల వెనక్కి వాల్చి, గడ్డం కింద సబ్బు రాసి, కత్తి పెట్టబోయాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సబ్బు నురగ, మెడ, కత్తి అంచు అన్నీ ఒకటే తెలుపు. రెప్ప కొట్టి మళ్లీ చూశాను. అదే తెలుపు. కత్తి ఎత్తాను.

వాళ్లు నవ్వారు. గీయకుండానే అడుగుతున్నాడు చూడండ్రా అని ఎవరో అన్నారు. గుడ్డ మీద నోట్లు పడ్డాయి. మళ్లీ దించాను. మళ్లీ ఎత్తాను. ఈసారి నవ్వు తగ్గింది. ఇంకొన్ని నోట్లు పడ్డాయి. మూడోసారి ఎత్తేసరికి, ఈయన పెళ్లికొడుకుని ముస్తాబు చేస్తున్నాడా, నిలువునా దోచుకుంటున్నాడా అని వెనక నుంచి ఒకడన్నాడు. డోలు వాడు కూడా ఆపి చూస్తున్నాడు. బయట కార్లు హారన్లు కొడుతున్నాయి, పెళ్లికూతురి ఇంటికి వెళ్లాలని. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. వేడుక కోసం కట్టుకున్నట్టే నిలబడ్డాను.

కింద నుంచి కోరాయ్ నెమ్మదిగా, నాకొక్కడికే వినబడేలా అన్నాడు.

"బావా, నన్ను చూస్తున్నావా?"

"చూస్తున్నా."

"నేనిప్పుడేం చేశాను?"

ఆ తెలుపులోకి ఇంకాస్త వంగి చూశాను.

"నాలుక బయట పెట్టాను బావా. చాలాసేపు."

వాడి గొంతు మీద కత్తి పెట్టబోయింది నేనే. కనబడకుండా. వాడు మొదటి నుంచీ నా కన్నే చూస్తూ కూర్చున్నాడు, అయినా మెడ వెనక్కే వాల్చి ఉంచాడు.

అప్పుడు వాడు తల ఎత్తి, పైకి గట్టిగా, మంగలి తన ధర అడిగాడు, ఇప్పుడు నా వంతు, నా ధర నాకిచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవను అని అరిచాడు. ఇలాంటిది ఎవరూ చూడలేదు. పెళ్లికొడుకే అడ్డం తిరిగితే ఎవరికి నవ్వు రాదు. డోలు మళ్లీ అందుకుంది. ఆ గోలలో నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"సోమవారం సమ్సున్. మాటివ్వు."

"సోమవారం బేరాలున్నాయిరా."

"అయితే పెళ్లి లేదు. అక్కడ పెళ్లికూతురికి నువ్వే చెప్పుకో."

హారన్లు ఆగడం లేదు. వాడు నిజంగానే లేవడు, నాకు తెలుసు, అక్క పోలికే. మాటిచ్చాను. మిగతాది మిషను పెట్టి సున్నా నంబరుతో దింపేశాను. దానికి కన్నక్కర్లేదు, చెయ్యి చాలు. ఒక చెంప అద్దంలా, మిగతాది గరుగ్గా. ఫొటోలన్నింటిలో వాడు కుడి చెంపే చూపిస్తున్నాడు. భోజనాల దగ్గర జనం, నెజాతికి డబ్బాశ ఎక్కువైంది, కత్తి పెట్టకుండానే వసూలు చేశాడు అని చెప్పుకున్నారు. నేను ఖండించలేదు. గుడ్డివాడు అనిపించుకోవడం కంటే పిసినారి అనిపించుకోవడమే నయమని నిన్న సాయంత్రం దాకా అనుకున్నాను.

ఇవాళ సిగ్గుగా ఉంది. వాడి మెడ గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి చూసుకుంటున్నాను.

సెప్టెంబరు 30

సమ్సున్. గుల్సెరెన్ వచ్చింది. బస్సు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

నెవిన్ గారికి జుట్టు నెరిసింది, నాకది కనబడింది. దీపం పెట్టి చాలాసేపు కంట్లోకి చూశారు. తర్వాత ఎప్పటి నుంచి మసక అని అడిగారు. మూడు నాలుగు రోజులన్నాను. గుల్సెరెన్ గోడ వైపు చూసింది. పొద్దున్న తీసిన రక్తం రిపోర్టు కంప్యూటర్లోకి వచ్చింది. సీఆర్పీ రెండు. చూశారా, శుభ్రంగా ఉంది అన్నాను. అప్పుడు కూడా అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

"నెజాతీ, నీ రక్తం నీ కంటి సంగతి చెప్పదు. కంట్లో ఇల్లు తగలబడుతున్నంత మంట ఉన్నా ఈ అంకె రెండే చూపించొచ్చు. ఎనిమిదేళ్ల కిందటే చెప్పాను. నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది. ఎప్పటి నుంచి?"

నేను కంప్యూటరు వైపు చూడటం మానేశాను.

"ఆగస్టు" అన్నాను. ఈగల సంగతి, అద్దం సంగతి, బల్బు, చెవులు, పెద్దమనిషి మెడ, అన్నీ చెప్పాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఆవిడ రాసుకుంటూ పోయారు. గుల్సెరెన్ తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది.

కంటి వెనక పొర మధ్యలో నీరు చేరిందట. మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్లో ఎక్కిస్తారు, ఆ వెంటనే పాత మందు మళ్లీ మొదలు. ఎంత చూపు తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నారు. ఆగస్టులోనే వచ్చి ఉంటేనో అని అడిగాను. ఆవిడ మందుల చీటీ రాయడం మొదలుపెట్టారు.

అక్టోబరు 2

ఆకలి. స్టెరాయిడ్ ఆకలి. ఆసుపత్రి పప్పు సూప్ మూడు గిన్నెలు తాగాను. పక్క మంచం అతని రొట్టె వైపు చూస్తున్నానని గుల్సెరెన్ నన్ను అటు తిప్పి పడుకోబెట్టింది.

అక్టోబరు 4

కంటి పరీక్షకి పెట్టే అక్షరాల పలకలో మొన్న మూడో వరుస దాకా చదివాను. ఇవాళ ఐదో వరుసలో సగం. ఊహించి చెప్పొచ్చు, ఆ ఆకారం చూస్తే తెలిసిపోతుంది. ఊహించలేదు. కనబడని వాటికి కనబడలేదనే చెప్పాను. అలా చెప్పడం అంత సులువేం కాదు.

అక్టోబరు 11

షాపు తెరిచాను. కత్తెర, మిషను మాత్రమే. కత్తి లేదు. డాక్టరమ్మ వద్దనలేదు, నేనే వద్దనుకున్నాను.

బుర్హాన్ మాస్టారు వచ్చి, అలవాటుగా కూర్చుని, మెడ వెనక్కి వాల్చాడు. నేను గుడ్డ కట్టలేదు. మాస్టారూ, నాకు సరిగ్గా కనబడదు, ఆగస్టు నుంచీ కనబడలేదు, మీ గడ్డం నేను అలాగే గీశాను అన్నాను. ఆయన మెడ తడుముకున్నాడు. ఇంకోసారి తడుముకున్నాడు. తర్వాత లేచి కూర్చున్నాడు.

"శుభ్రంగా ఉందని చదివింది నేనే కదరా" అన్నాడు.

అంకెలు మీరు సరిగ్గానే చదివారన్నాను. ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

అక్టోబరు 13

ఊరంతా తెలిసిపోయింది. డబ్బాశ అనే మాట పోయి, అయ్యో పాపం అనే మాట వచ్చింది. ముగ్గురు బేరగాళ్లు పక్క వీధికి వెళ్లారు. న్యాయమే.

అక్టోబరు 20

మాస్టారు రోజూ వచ్చి ఊరికే కూర్చుంటున్నాడు. పక్క వీధికి వెళ్లడం లేదు. తెల్ల గడ్డం గుబురుగా పెరుగుతోంది. ఏమాత్రం బాగాలేదు. మిషనుతో తీస్తానంటే మిషను నా ముఖానికి పడదంటాడు.

కోరాయ్ పెళ్లాంతో కలిసి వచ్చాడు. వంటింట్లో అక్కాతమ్ముళ్లు గుసగుసలాడుతుంటే, ఆ పిల్ల నా పక్కన కూర్చుని, మా ఆయన మీ గురించి అంత భయపడతాడేంటండీ, మీరే ఆయన గొంతు కోయబోయారట కదా అంది. అమాయకంగానే అడిగింది. భయపడాల్సిన రోజు వాడు భయపడలేదమ్మా అన్నాను.

అక్టోబరు 28

ఆరో వరుస.

నవంబరు 14

రెండు వారాలుగా బాగుంది. రాయడానికేమీ లేదు. చలి మొదలైంది. ఎదురింటి పెంకుల వరుసలు ఇక్కడి నుంచి లెక్కపెట్టగలుగుతున్నాను. గుల్సెరెన్ వద్దన్నా రోజూ లెక్కపెడుతున్నాను.

నవంబరు 21

పొద్దున్న లేచి చూస్తే ఎదురింటి పెంకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పొగమంచు అనుకున్నాను. కిటికీ తెరిచాను. ఎండ కాస్తోంది.

మంచం మీద కూర్చున్నాను. నెల పరీక్షకి నిన్న రక్తం ఇచ్చాను కదా, ఫోను తీశాను. వచ్చింది. సీఆర్పీ ఒకటిన్నర. ఈఎస్ఆర్ ఏడు. ఇంత మంచి అంకెలు ఎప్పుడూ రాలేదు. ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు, దానివల్ల కావచ్చు. శనివారం దాకా చూద్దామా అనుకున్నాను. షాపులో రేపు రెండు పెళ్లి క్షవరాలున్నాయి అనుకున్నాను. ఇవన్నీ అనుకున్నాను, దాచను.

గుల్సెరెన్ వంటింట్లో గుడ్లు కొడుతోంది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. కన్ను మళ్లీ మసకేసింది, ఇవాళే, ఇందాకే అన్నాను. రిపోర్టు బాగానే ఉంది అన్నాను. తను చేతిలో గుడ్డు అలాగే పట్టుకుని చూస్తోంది.

"నాకు భయమేస్తోంది గుల్సెరెన్" అన్నాను.

ఎనిమిదేళ్లలో ఆ మాట అనలేదు. ఎడమ కన్ను పోయిన రోజు కూడా అనలేదు, ఆ రోజు బస్సు టికెట్ల గురించి పోట్లాడాను.

తను పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుంది. తమ్ముడికి ఫోను కలిపి, బండి తీసుకురా, సమ్సున్ అని మాత్రం చెప్పి పెట్టేసింది. తర్వాత వంటింటి గోడకు చేరబడి, కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"హమ్మయ్య" అంది.